జల్లెడక్క కలిపేసిన ముగ్గురు

మా ఆఫీసులో ఆమెను అందరం జల్లెడక్క అంటాం. మందులు వాడి ఇబ్బంది పడినవాళ్ళ గురించి ఆసుపత్రులు పంపే ఫారాలు చదవడం ఆమె పని. ఒకే రోగి గురించి రెండుసార్లు రాసి పంపితే పట్టుకుని ఒకటిగా కలిపేస్తుంది. పదకొండేళ్ళలో ఒక్క నకలు కూడా ఆమె కన్నుగప్పి పోలేదు. ఆ గొప్పే కొంప ముంచింది.

కీళ్ళ నొప్పులకు కొత్త మాత్ర ఒకటి వచ్చింది. 'అరవై దాటిన స్త్రీ. మాత్ర వేసుకున్న గంటకు స్పృహ తప్పి పడిపోయింది' అని ఒకే నర్సు నుంచి, అక్షరం పొల్లుపోకుండా మూడు ఫారాలు. మా ఫారాల్లో పేర్లుండవు. అక్క మూడింటినీ కలిపేసింది. మూడు కేసులుంటేనే పైనున్న మందుల కమిటీ ఆ మందును పరిశీలిస్తుంది. ఒక్కటే ఉంటే కన్నెత్తి చూడదు.

నెల తర్వాత వేరే పనిమీద అక్క ఆ నర్సుకు ఫోన్ చేసి, పడిపోయిన ఆవిడ ఎలా ఉందని అడిగితే గుట్టు బయటపడింది.

"ఒక్కావిడేంటమ్మా, ముగ్గురు! ముగ్గురూ ఒకేలా పడితే నేను మూడు రకాలుగా ఎలా రాస్తాను?"

అక్క ఫోన్ పెట్టేసి లేచింది. ఫారాలు కలపడానికి ఒక్క మీట చాలు. విడదీయాలంటే మాత్రం ఆఫీసరు సంతకం కావాలి. నేరుగా ఆయన గదికి వెళ్ళింది.

"తప్పు నాదే సార్. రాసిస్తాను, సంతకం పెట్టండి. జనం ఆ మాత్ర ఇంకా మింగుతూనే ఉన్నారు."

"మన తప్పు మనమే చాటుకుంటామా? పైవాళ్ళ తనిఖీ ఉంది, అది అయిపోనీ, చూద్దాం."

రోజూ పదింటికల్లా ఆ గది ముందు నిలబడేది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు టీ తాగేవాడు. చూస్తున్న నాకే ఒళ్ళు మండిపోయేది. ఇంట్లోనూ అదే గొడవట. "మనమిద్దరం, నీ ముగ్గురు, మొత్తం ఐదుగురమయ్యాం" అని వాళ్ళాయన ఎగతాళి. ఆమెకు నవ్వు రాలేదు, అన్నమూ సయించలేదు.

ఇరవై మూడో రోజున మరో ఆసుపత్రి నుంచి ఫారం వచ్చింది. యాభై రెండేళ్ళ స్త్రీ. అదే మాత్ర. మెట్ల మీద స్పృహ తప్పింది. తలకు దెబ్బ. బతకలేదు.

ఆఫీసరు ఆ పూటే సంతకం పెట్టి, కాగితం తానే తెచ్చి అక్క బల్ల మీద పెట్టాడు.

"నాలుగయ్యాయి. ఇక కమిటీ కాదనలేదు. సంతోషమేనా?"

అక్క ఆ కాగితం ముట్టుకోలేదు.

"మూడు చాలు కదా సార్" అంది.