దస్తగిరి కర్ర వదిలేసిన రోజు

మొన్న విడవలూరులో ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని వెదురు కర్రకు ఆముదం పట్టిస్తుంటే, ఆ జిడ్డు వాసన ముక్కుకు తగిలి, నడిబజార్లో నా ముంజేతులు రెండూ వాటంతటవే తలకు అడ్డం లేచాయి. నలభై ఏళ్లయినా ఒళ్లు ఆ దెబ్బల్ని మరచిపోలేదన్నమాట!

సముద్రపు ఒడ్డున మా ఊళ్లో పీర్ల పండగంటే చావిడి ముందు నిప్పుల గుండం, రొట్టెలూ బెల్లమూ కలిపి దంచిన మలీద ముద్దలు, చెవులు చిల్లులుపడే తప్పెట్లు, వాటన్నిటికీ మించి కర్రసాము. బూడిదతో గీసిన గిరిలోకి ఇద్దరు దిగాలి, గీత దాటినా, కర్ర జారవిడిచినా ఓడినట్టు, కర్ర లేనివాళ్లను కొట్టకూడదు. అందరికంటే ముందు గిరిలోకి దిగే మొదటి వరస మా ముత్తాత నాటినుంచీ మా ఇంటిది. ఇంటి మనిషి దిగకపోయినా, దిగి ఓడినా అది ఎదురింటి దస్తగిరి వాళ్లకు పోతుంది. ఆ ఏడు పండగకు నెల ముందు మా అన్న తాటిచెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మిగిలింది పన్నెండేళ్ల నేను. "ఆడబిడ్డ దిగకూడదని యాడుంది?" అని మా చిన్నాయన పెద్దల మీద ఎగిరి ఒప్పించాడు గానీ, నన్ను మాత్రం అడగలేదు. నేనా, కోడి రెక్కలు విదిలిస్తే ఉలిక్కిపడే రకం. సాము నేర్పుతూ చిన్నాయన కర్ర లేపితే చాలు, కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని. మూసుకున్న ప్రతిసారీ దెబ్బ నెత్తిన పడేది.

చిన్నాయన దానికి మందు సముద్రంలో ఉందన్నాడు. పొద్దున్నే నన్ను ఈడ్చుకుపోయి మొలలోతు నీళ్లలో నిలబెట్టి, విరిగే అలను కళ్లు తెరిచి చూడమనేవాడు. అది వచ్చి చెంప పగలగొట్టి, ఇసుకలో బొర్లించి, మోకాళ్లు గీరుకుపోయేలా లాక్కెళ్లేది. ఆయన జడ పట్టి లేపి, ఉప్పునీళ్లు కక్కుతున్నదాన్ని మళ్లీ అక్కడే నిలబెట్టేవాడు. "మూసినావు! మళ్లా మూసినావు గదా మే!" అని వీపున ఒక్కటిచ్చేవాడు. ఒడ్డున మా అమ్మ ఆయనకు శాపనార్థాలు పెడుతుండేది. ఇరవై రోజులు గడిచాక ఒక పెద్ద అల నా ముఖాన పగలడం, దాని కడుపులో పచ్చటి వెలుతురు, గిరగిరా తిరిగే ఇసుక, అంతా కళ్లారా చూశాను. ఆ రోజు చిన్నాయన కొట్టలేదు.

పండగనాడు నాకెదురుగా నా ఈడువాడే, దస్తగిరి దిగాడు. మొదటి దెబ్బకు భుజం మొద్దుబారింది, రెండోదానికి పెదవి చిట్లి నోరంతా నెత్తురు. "ఇంక చాల్లే మే, దాటుకో!" అని జనం నవ్వారు. నా మడమ గీతకు ఆనింది. మూడో దెబ్బ వస్తుంటే చూశాను, కళ్లు మూయలేదు. పక్కకు ఒరిగి వాడి మణికట్టు మీద కొట్టాను. ఎముక పటుక్కుమంది, కర్ర జారిపోయింది. గెలిచాను, అక్కడితో ఆగాలి. ఆగలేదు. అన్నాళ్ల భయమంతా చేతుల్లోకి దిగినట్టు, ఉత్తచేతులతో నిలబడ్డవాణ్ని ఇంకా మూడు దెబ్బలు కొట్టాను, ఆఖరిది కణత మీద. ఎంత హాయిగా అనిపించిందో చెప్పుకుంటే సిగ్గు, కానీ అనిపించింది. చిన్నాయన గిరిలోకి దూకి నా నడుం పట్టి లాగేశాడు.

"చాలు మే! వాడు కర్ర వదిలేసినాడు, చూడలా?"

చూశాను. కళ్లు తెరుచుకునే ఉన్నాను కదా! వరస మా ఇంటికే మిగిలింది. చిన్నాయన మళ్లీ నా చేతికి కర్ర ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో గిరి గీసేవాళ్లు లేరు, గుండం చోట సిమెంటు పోశారు, ఇసుక తిన్నెలన్నీ రొయ్యల గుంటలయ్యాయి, చిన్నాయనా పోయాడు. పోయిన నెల ఒక పెళ్లిలో దస్తగిరి తన మనవడి చెయ్యి పట్టుకుని ఎదురయ్యాడు.

"చేతిలో కర్ర లేదు గదా మస్తానమ్మా?" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. నేనూ నవ్వబోయాను. వాడు మాత్రం నా రెండు చేతుల వంకా చూసి, ఏమీ లేదని తేల్చుకున్నాకే దగ్గరికి వచ్చాడు.