కొబ్బరి నీళ్లు తాగిన కారు

మిర్యాలగూడలో మా ఇంటి ముందు నిలబడి ఉండే తెల్లటి వస్తువును మా నాన్న కారు అంటాడు. తాళం తిప్పితే అది "టక్" అంటుంది. అంతే. లోపలి లైట్లు చచ్చిపోతాయి. తాళం వదలగానే ఏమీ ఎరగనట్టు మళ్లీ వెలుగుతాయి. నలుగురు కలిసి తోస్తే మాత్రం స్టార్టవుతుంది. మా వీధిలో తోసేవాళ్లకు కరువు లేదు. కాకపోతే తోసిన ప్రతివాడూ ఒక సలహా కూడా ఇచ్చి పోతాడు.

ఈసారి వచ్చిన ఇబ్బంది అమ్మది. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆమె గడప దాటలేదు. కోదాడలో పిన్ని మనవరాలిని ఆదివారం తొట్టెలో వేస్తున్నారు. తన అక్క, అంటే మా అమ్మ చేతులతోనే వేయాలని పిన్ని పట్టు. అమ్మ కూడా పెట్టెలోంచి కొత్త చీర తీసి ముందే మంచం మీద పెట్టుకుంది. బస్సు మెట్లు ఎక్కలేదు కాబట్టి కిరాయి కారు మాట్లాడదామని నేను సగం గొంతుతో అన్నాను. నా గొంతు ఎప్పుడూ సగమే.

"ఇంట్ల కారు పెట్టుకొని కిరాయి కారేంది బిడ్డా? నలుగురు నవ్వరా?" అన్నాడు నాన్న. ఆ నలుగురూ రోజూ కారు తోస్తూ నవ్వుతూనే ఉన్నారని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"ఈడ తోపిచ్చుకొని పోదాం, ఏమైతది?" అని ఆయనే మళ్లీ అన్నాడు.

"హుజూర్‌నగర్ కాడ ఆగితే ఎవరు తోస్తరు? నువ్వు స్టీరింగ్ పట్టుకుంటవ్, నా కాలు గిట్లుండె. ఇది తోస్తదా?" అని అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "తాళం తిప్పితే స్టార్టయితేనే ఎక్కుత. లేకుంటే రాను."

నాన్న కొత్త బ్యాటరీ కొన్నాడు. కారు టక్ అంది. కొత్త బ్యాటరీతో ఆ టక్ కొంచెం గట్టిగా ఉందని ఆయన సంతోషించాడు.

శనివారం పొద్దున సూర్యాపేట నుంచి మా మేనమామ బస్సులో దిగాడు. ఆయనకు ఎరువుల దుకాణం ఉంది. ఒకప్పుడు జీపు కూడా ఉండేది, అందుకని బండ్ల విషయంలో మా బంధువులందరికీ ఆయనే పెద్ద దిక్కు.

"నన్ను అడగకుండ బ్యాటరీ ఎందుకు కొన్నవ్ బావా? ఇది సెల్ఫ్ మోటరు. ఖతం."

"ఎట్ల తెలుసు?"

"సప్పుడు ఇంటలేవా? మా జీపుది గూడ గిట్లనే."

"దాన్ని ఎట్ల బాగు చేసినవ్?"

"అమ్మేసిన."

బానెట్‌ను నిలబెట్టే కడ్డీ ఎప్పుడో విరిగింది కాబట్టి దాన్ని ఎత్తి పట్టుకునే ఉద్యోగం నాది. మాట్లాడే పని లేదు, నాకు సరిగ్గా సరిపోయే కొలువు. ఇంజిన్‌ను తిప్పి లేపే ఆ సెల్ఫ్ మోటరు మీద మామ స్పానర్‌తో కొట్టాడు. పక్కింటి కారు తెప్పించి, దాని బ్యాటరీకీ మా బ్యాటరీకీ లావు కేబుళ్లు తగిలించాడు. నాన్న వరసగా సెల్ఫ్ కొడుతూనే ఉన్నాడు. టక్, టక్. చేతులు మార్చుకోబోయి నేను యాక్సిలరేటర్ తీగను పట్టుకున్నాను. చుర్రుమంది.

అది పెడల్‌ను తొక్కినప్పుడు లాగే తీగ. దానికి కరెంటుతో ఏ పనీ లేదు. మరి ఎందుకు కాలింది?

సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు తిరిగి బ్యాటరీకే చేరాలని బోర్డు మీద గీసి గీసి నా చేతులకు సుద్ద పట్టింది. ఆ నియమం మా ఇంటి కారుకు కూడా వర్తిస్తుందని నాకు ఎప్పుడూ తట్టలేదు. కారులో పోయే దారి వైరు, తిరిగొచ్చే దారి ఇనుప ఒళ్లు. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కూ బాడీకీ వెళ్లే ఆ లావు పట్టీని మెకానిక్‌లు ఎర్త్ అంటారు. ఆ దారి మూసుకుపోతే కరెంటు దొరికిన సందులోంచి దూరుతుంది. యాక్సిలరేటర్ తీగ పాపం ఆ సందు.

బానెట్ కిందికి వంగి చూశాను. బ్యాటరీ కింద ఎర్త్ పట్టీని బిగించిన బోల్టు కనిపించలేదు. దాని స్థానంలో పచ్చ, తెలుపు, ఎరుపు రంగుల పెచ్చు ఉంది.

దసరాకు అందరూ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, ముందర కొబ్బరికాయ కొట్టి ఊరుకుంటారు. మా నాన్న భక్తి అంత పైపైది కాదు. ఆయన బానెట్ ఎత్తుతాడు. కొబ్బరి నీళ్లు ఇంజిన్ మీద చల్లి, అమ్మవారు శక్తి కాబట్టి మిగిలినవన్నీ బ్యాటరీ మీద పోస్తాడు. ఆపైన పసుపు, కుంకుమ. ప్రతి ఏడూ అంతే.

ఇదంతా నాన్నకూ మామకూ చెప్పాలి. చెప్పలేకపోయాను. మగవాళ్లిద్దరూ అన్నానికి కూర్చున్నాక, ఎందుకో అమ్మకు మాత్రం రెండు ముక్కల్లో చెప్పి, ఆమె చేతికర్ర అడిగి తెచ్చి బానెట్‌కు ఊతం పెట్టాను. ఎర్త్ పట్టీకి బదులుగా మామ కేబుల్ ఒక కొస మా బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఇంజిన్ ఇనుముకు తగిలించి, లోపల కూర్చుని తాళం తిప్పాను. స్టార్టయింది.

ఇద్దరూ అన్నం చేతులతోనే బయటికి ఉరికొచ్చారు.

"సూసినవా బావా! నా దెబ్బ జర లేటుగ పనిచేసింది!"

ఊరుకుంటే పోయేది. సాయంత్రం డైరీలో నాలుగు వంకర మాటలు రాసుకునేదాన్ని. కానీ మామ కేబుల్ మడత పెట్టుకుని పోతే, రేపు హుజూర్‌నగర్ దగ్గర అమ్మ కారులో చిక్కుకుంటుంది. తాళం వెనక్కి తిప్పాను.

"బందు చేసినవేంది బిడ్డా!" నాన్న అరిచిన అరుపుకు నేను ఎవరి ఊపిరో తీసేశాననుకోవాలి.

కేబుల్ ఊడదీసి తిప్పాను. టక్. తగిలించి తిప్పాను. స్టార్టయింది.

"దసరాకు... కొబ్బరి నీళ్లు..." అన్నాను.

"ఏం కొబ్బరి నీళ్లు?"

వాకిట్లో కుర్చీలోంచి అమ్మ అందుకుంది. "యాడాదికోసారి ఇంజిన్‌కు తాపుతవ్ గదా. అవి తాగి వైరు సచ్చిందంటుంది. ఇద్దరు ఆలకించుండ్రి జర."

నాన్న వంగి ఆ పెచ్చును వేలితో తాకాడు. "దేవుని నీళ్లకు గూడ తుప్పు పడ్తదా?" అన్నాడు. ఆయన ముఖం చూసి నవ్వు రాలేదు. పెచ్చు గీకి, బోల్టు విప్పి, అది కూర్చునే చోటు మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాను. పట్టీ రెండు పోగుల మీద వేలాడుతోంది. నాన్న బజారుకు పోయి కొత్తది తెచ్చాడు. అది బిగించేంతసేపూ బానెట్ మామ పట్టుకున్నాడు. కేబుల్ లేకుండా కారు స్టార్టయింది.

ఆదివారం కోదాడ దాకా ఎక్కడా ఆగలేదు. అంటే ఆగింది. నమ్మకం చాలక నాన్న దారిలో బందు చేసి, మళ్లీ స్టార్ట్ చేసి చూసుకుంటూనే ఉన్నాడు. ఫంక్షన్‌లో అమ్మ అందరికీ నా ఘనకార్యం చాటింది. పిన్ని వియ్యపురాలు నా చేయి పట్టుకుని, "అమ్మాయ్, మా మిక్సీ కూడా తిరగట్లేదమ్మా, ఒకసారి చూస్తావా?" అంది. నేను పులిహోర ప్లేటు పట్టుకుని కారులోకి పారిపోయాను.

తెరిచిన ఇంటి తలుపులోంచి తొట్టె కనబడుతోంది. అమ్మ కర్ర గోడకు చేర్చి, పాపను రెండు చేతులా పడుకోబెట్టి, తాడు పట్టుకుని పాట ఎత్తుకుంది. చీకటి పడేలా ఉందని నాన్న వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు, సెల్ఫ్ కొట్టాడు, హారన్ కూడా కొట్టాడు.

"ఆగుండ్రి," అంది అమ్మ లోపలినుంచి, తాడు వదలకుండా. "ఇంకా నిద్రపోలే."

నాన్న ఇంజిన్ బందు చేశాడు. మళ్లీ స్టార్ట్ చేసి చూసుకోలేదు.