తిట్టకుండా లేచిన ఇంజను

"...ఊరికే వచ్చి చూసిపోయేవాడికి ఏం తెలుసు, మూటలు తడిసేది నావి కదా" అంటున్నాడు కుమరేశన్.

బావి పక్కనున్న షెడ్డులోంచి తమ్ముడి గొంతు వినబడగానే ఉదయకుమార్ బండి ఆపి అక్కడే నిలబడ్డాడు.

"వాణ్ణి ఒకతూరి తిప్పి చూసుకోనీరా. ఆమేలిక నీ ఇష్టం." ఇది తల్లి కృష్ణమ్మాళ్ గొంతు. "మీ నాయన చేతి ఇంజను అది."

"నాయన ఉన్నప్పుడే కరెంటు మోటారు పెట్టేస్తిమి కదమ్మా. ఇప్పుడిది మొక్కజొన్న మూటలకి అడ్డం. రేపు కోవిల్‌పట్టి నుంచి పాత ఇనుము వాళ్ళు వస్తా ఉండారు. చెప్పేసినా."

ఉదయకుమార్ దగ్గి లోపలికి వెళ్ళాడు. తమ్ముడు అన్న భుజాన ఉన్న మైకుల సంచిని చూశాడు. "మళ్ళీ ఆ విమానమేనా అన్నా" అని, జవాబు కోసం ఆగకుండా బయటికి వెళ్ళిపోయాడు.

తమిళనాడులోని విరుదునగర్‌లో ఉదయకుమార్‌కి సౌండ్ సర్వీసు ఉంది. పెళ్ళిళ్ళకి, చెవులు కుట్టే వేడుకలకి, కొలుపులకి స్పీకర్లు కట్టి జిల్లా అంతా తిరుగుతాడు. పని లేనప్పుడు షాపు తలుపు వేసుకుని, తనకి ఇంతకన్నా ఇష్టమైన పని ఇంకొకటి చేస్తాడు. కంప్యూటర్‌లో ఎగిరే పాత యుద్ధవిమానాలకి చప్పుడు కూర్చడం ఆ పని. ఏ దేశంలోనో కూర్చున్న పిచ్చివాళ్ళు కొందరు ఆ విమానాలని మేకు మేకునా బొమ్మకట్టి సిమ్యులేటర్‌లో ఎగరేస్తారు. తండ్రి ఉన్న రోజుల్లో వాళ్ళలో ఒకాయన, ఉదయకుమార్ ఎన్నడూ ముఖం చూడని మనిషి, జపాన్ వాళ్ళ జీరో విమానాన్ని తయారుచేశాడు. రెక్కలు, రంగు, ముళ్ళు కదిలే మీటర్లు అన్నీ సిద్ధం. చప్పుడు ఒక్కటే లేదు. ఆ విమానం ఇంజనుని లేపాలంటే కింద ఒక మనిషి నిలబడి ముక్కు దగ్గర హ్యాండిల్ దూర్చి తిప్పాలట. అది చదవగానే ఉదయకుమార్‌కి తండ్రి బావి దగ్గర నీళ్ళు తోడడానికి తిప్పే నూనె ఇంజను గుర్తొచ్చింది.

తండ్రి కుళందైసామి ఆ ఇంజనుని ఏనాడూ నోరు మూసుకుని తిప్పినవాడు కాదు. ఎద్దుని అదిలించినట్టు అదిలించేవాడు, బతిమాలేవాడు, మళ్ళీ తిట్టేవాడు. రికార్డింగ్ రోజున ఉదయకుమార్ ఆయనకి గట్టిగా చెప్పాడు. మైకులో మాట పడితే అంతా పాడవుతుంది, నోరు తెరవొద్దు అని. ఆయన తువ్వాలు తీసి తనే మూతికి కట్టుకున్నాడు. ఇంజను మొదట మొరాయించింది. తువ్వాలు పైనుంచి కళ్ళు మాత్రం దాన్ని తిట్టాయి. చివరికది దగ్గి, పొగ కక్కి, లేచింది. కాకి కూత కూడా పడలేదని ఉదయకుమార్ సంబరపడ్డాడు. హ్యాండిల్ పట్టుకునే ముందు తండ్రి పీల్చిన ఊపిరి వినిపిస్తుంటే, షాపుకి వెళ్ళాక దాన్ని కూడా శ్రద్ధగా కత్తిరించేశాడు.

విమానం పూర్తయ్యాక తండ్రిని షాపులో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్ పెట్టాడు. తెర మీద జీరో పక్కన చిన్న బొమ్మమనిషి హ్యాండిల్ తిప్పుతున్నాడు, నోరు మూసుకుని.

"మన ఇంజనే కదరా" అన్నాడు కుళందైసామి. ఇంకేదో రావలసి ఉన్నట్టు తల వంచి కాసేపు విన్నాడు. "నేను తిట్టకుండా ఎట్లరా లేచె?"

ఉదయకుమార్ నవ్వాడు. ఆ మాటని చాలా రోజులు స్నేహితులకి చెప్పి నవ్వించాడు.

పోయిన వేసవిలో తండ్రి పత్తి చేలో గుండె ఆగి పోయాడు. కర్మలన్నీ అయ్యాక ఉదయకుమార్ ఫోన్లు వెతికాడు, పెళ్ళి వీడియోలు వెతికాడు. కుళందైసామి ఎక్కడైనా వెనక వరసలో నిలబడే మనిషి. కుమరేశన్ పెళ్ళి వీడియోలో ఆయన పెదవులు కదులుతున్నాయి కానీ, వాటి మీద మోగుతున్నది ఉదయకుమార్ కట్టిన స్పీకర్ల పాటే. ఊరందరి గొంతులూ పట్టినవాడి దగ్గర తండ్రి మాట ఒక్కటీ లేదు.

ఈ షెడ్డులో ఏం దొరుకుతుందని వచ్చాడో అతనికే సరిగా తెలియదు. ఇంజను లేస్తే మాత్రం తమ్ముడితో పోట్లాడైనా ఉంచేద్దామనుకున్నాడు. మైకు నిలబెట్టి, డీజిల్ పోసి, హ్యాండిల్ తిప్పాడు. లేవలేదు. చొక్కా విప్పి మళ్ళీ తిప్పాడు. భుజం పట్టేసింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న కృష్ణమ్మాళ్ అంది: "అట్ల మూగగా తిప్పితే ఎట్లరా లేస్తుంది. దాన్ని తిట్టాల."

"నువ్వు తిట్టమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంజను వైపు తిరిగి, కొంగు తీసేసింది.

"లెయ్యే ముసలిదానా. మా అత్తకన్నా మొండిదానివే నువ్వు. మిరప ఎండిపోతా ఉండాది, లెయ్యే."

తండ్రి సాగదీసినచోటే ఆమె కూడా సాగదీసింది. ఉదయకుమార్ హ్యాండిల్ తిప్పాడు. ఇంజను ఒక్క దగ్గు దగ్గి, నల్లటి పొగ వదిలి, ఆగిపోయింది.

"మీ నాయనకి అత్తంటే మా అమ్మ కదా. దినమూ మా అమ్మనే అనేది ఆయన" అంది కృష్ణమ్మాళ్. "నాకెంత కోపమొచ్చేదో."

"ఇంకొకతూరి చెప్పమ్మా."

"వద్దురా. నేను చెప్తే నా మాటే కదా అది."

తను వెతికే గొంతు ఈ ఇంజనులో లేదని తెలిసి అతను మైకు తీగ చుట్టుకున్నాడు. తువ్వాలుతో హ్యాండిల్‌కి అంటిన మసి తుడిచి, ఆ హ్యాండిల్ని ఇంజను మీదే పెట్టాడు. బయట కుమరేశన్ మూటల మీద పట్టా కప్పుతున్నాడు. ఉదయకుమార్ అవతలి కొస పట్టుకుని లాగాడు.

"కుమరేశా, రేపు ఆ ఇనుము వాళ్ళని రానీ. ఇంజను ఇచ్చేద్దాం."