ఇరవై ఐదు చొప్పున

మా డిగ్రీ కాలేజీలో, ఇంట్లో ఇబ్బంది ఉన్న పిల్లలకు రోజూ రెండు గంటల పని ఇచ్చి, దాన్ని ఫీజులో సర్దేవారు. రెండో సంవత్సరంలో నన్ను పరీక్షల పనులు చూసే ఆఫీసులో వేశారు. పని బాగుంటే మూడో సంవత్సరం కూడా ఉంచుతామన్నారు. ఉంచకపోతే చదువు మానేసి అమ్మ పక్కన చాట ఒళ్లో పెట్టుకుని కూర్చోవలసిందే.

అమ్మ బీడీలు చేస్తుంది. పొద్దున ఆర్మూర్ ఆటో ఎక్కేదాకా నేనూ చేసేదాన్ని. కాలేజీలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా పెర్కిట్‌లో ఎన్నో ఇళ్లలో అదే పని, మరి నాకెందుకంత సిగ్గో! చున్నీకి తంబాకు వాసన అంటిందేమోనని క్లాసులో వెనక బెంచీలో కూర్చునేదాన్ని. పసుపు సీజన్‌లో ఊరంతా ఒకటే ఘాటు, ఆ కొన్నాళ్లు మాత్రం నాకు ఫికర్ ఉండేది కాదు.

పరీక్షల ముందు రోజు ఆ ఆఫీసు చూసే మేడం మూడు వందల ఆన్సర్ బుక్‌లెట్లు నా ముందు పెట్టింది. "గదికి ఇర్వై మంది. ఇర్వై ఇర్వై కట్టు" అంది. దారం రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి తోసి బిగించడం. గంటలో ముగించి, నా అంత పనిమంతురాలు లేదనుకుంటూ ఇంటికి పోయాను.

మర్నాడు పన్నెండు గదులకు కట్టలు పోయాయి. చివరి మూడు గదులకు ఒక్కటీ మిగల్లేదు! మేడం, నేను గదిగదికీ పరుగెత్తి ఐదేసి బుక్‌లెట్లు వెనక్కి తెచ్చి ఆ మూడు గదుల్లో పంచాం. పరీక్ష పావుగంట ఆలస్యమైంది. నా పని ఊడిందనుకున్నాను.

"ఇర్వై అని చెప్పిన్నా లేదా? అన్నిట్ల ఇర్వై అయిదెట్ల వచ్చినయ్?" అని మేడం గదిమింది. అటెండర్, ఆఫీసు వాళ్లు, నా క్లాసు అమ్మాయిలిద్దరు అక్కడే ఉన్నారు. అబద్ధం కోసం వెతికాను, దొరకలేదు.

"మా ఇంట్ల బీడీలు చేస్తం మేడం. కట్టకు ఇర్వై అయిదు. ఒక్కటి తక్కువైనా కార్ఖానల వాపసిస్తరు. చెయ్యికి గదే అలవాటైంది."

ఎవరూ నవ్వలేదు. మేడం నన్ను ఎగాదిగా చూసి, "ఒక్క కట్టల గూడ ఇర్వై నాలుగో, ఇర్వై ఆరో రాలే గదనే!" అంది. "ఇగ నుంచి ఇర్వై అయిదే కట్టు. గదికి అయిదు ఎక్కువుంటే మనకే మంచిది. వచ్చే ఏడు గూడ నువ్వే కడ్తవు" అని వెళ్లిపోయింది.

అంత తేలికగా గడిచిందని నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం అమ్మకు అంతా చెప్పాను, సిగ్గుపడి ఇన్నాళ్లూ దాచానన్న మాటతో సహా. అమ్మకు కోపం వస్తుందేమోనని భయపడ్డాను. అమ్మ చాటలోంచి తల కూడా ఎత్తలేదు.

"గదంత సరే బిడ్డా, గన్ని గదులు తిప్పిన్రు గదా, ముడి ఊడలేదు గద?"

"ఒక్కటి గూడ ఊడలే అమ్మా" అన్నాను.

అప్పుడు తలెత్తి నవ్వింది. మూడో సంవత్సరంలో నాతో పనికి వచ్చిన అమ్మాయి ఆ ముడి ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. మా అమ్మ బీడీ కట్టలకు వేసే ముడి అని, అందరూ వినేలా చెప్పాను.