కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలు

పర్చూరు నుంచి గుంటూరు వెళ్ళే బస్సులో నా పక్కన యాభై ఏళ్ళావిడ కూర్చుంది. మొన్న వేసవిలో భర్త పోయాడట. ఆయన కోల్డ్ స్టోరేజీలో దాచిన మిరప బస్తాలను తన పేరు మీదికి మార్పించుకోవడానికి వెళ్తున్నానని చెప్పింది. ఇంతలో ఆమె మరిది ఫోన్ చేశాడు. స్పీకర్లో అతని మాటలు నాకూ వినబడ్డాయి.

"నీకెందుకొదినా ఈ తిరుగుడంతా? సంతకం పెట్టేసి ఇంట్లో కూర్చో. సరుకు నేను అమ్మిపెడతా."

"వద్దులే అబ్బాయ్. రేటు కనుక్కుని నేనే అమ్ముకుంటా. పిల్ల కాలేజీ ఫీజు దాన్లోంచే కట్టాలి."

ఆమె ఫోన్ పెట్టేసింది. "మరీ గట్టిగా మాట్లాడానంటారా?" అని నన్నడిగింది.

"లేదండీ, సరిగ్గానే మాట్లాడారు" అన్నాను.

"ఆయనున్నప్పుడు ఎంతకమ్మారో కూడా అడగలేదండీ. ఇప్పుడు అన్నీ బయటివాళ్ళని అడగాల్సొస్తోంది" అంటూ కళ్ళు తుడుచుకుంది. మిర్చి యార్డు దగ్గర దిగిపోయింది.

ఇంటికి వెళ్ళాక, మన డబ్బు ఎక్కడెక్కడ ఉందో చెప్పమని మావారిని అడిగాను.

"ఇప్పుడెందుకు?" అని ఆయన నవ్వారు.

"మీరున్నప్పుడే తెలుసుకుంటాను" అన్నాను.

ఆయన నవ్వు ఆపి, వచ్చి నా పక్కన కూర్చున్నారు.