జహంగీర్ భాయ్ మార్చిన రూల్

నిన్న పొద్దున మల్లేష్ ఫోన్ చేసి ఏడుస్తూనే ఉన్నాడు. ఏమైందిరా, ఏమైందిరా అని అడుగుతూనే ఉన్నాను. చివరికి "భాయ్ పోయిండురా" అన్నాడు.

ఏ భాయ్ అని అడిగాను. మాకున్నది ఒక్కడే భాయ్. అయినా అడిగాను.

హాలియాలో టైలర్ జహంగీర్ భాయ్. మిషన్ మీద కుడుతూ కుడుతూనే ఒరిగిపోయాడట. దవాఖానకు తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మీలో చాలామందికి ఆయన పాంట్లు కుట్టే భాయ్‌గానే తెలుసు. నాకూ మల్లేష్‌కూ ఆయన గేమ్ మాస్టర్. శుక్రవారం నమాజ్ అయ్యాక షటర్ సగం దించి, బట్టలు కత్తిరించే టేబుల్ మీద ఆడేవాళ్ళం. భాయ్ కథ చెప్పేవాడు, మేం అందులో మనుషులం. సుద్దతో కోటలు, అడవులు గీసేవాడు. గుండీలే మా ప్లేయర్లు. ఏం చేసినా పాచిక వేసి తేల్చుకోవాలి.

ఆ ఆట రూల్ బుక్ భాయ్‌కి హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద దొరికింది. అట్ట కూడా లేని పాత ఎడిషన్. కొత్తది ఆర్డర్ పెడదామంటే వినేవాడు కాదు.

"బట్ట మంచిగనే ఉన్నది తమ్మీ. కుట్టే జర ఖరాబున్నది. ఇప్పి మళ్ళ కుడితే అయిపాయె."

నిజంగానే విప్పి కుట్టాడు. మంత్రగాడు రోజుకు ఒక్క మంత్రం వేసి, మిగతా రోజంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలట. అది మార్చాడు. మంచు ఎలుగుల్ని తీసేసి నల్లమల ఎలుగును పెట్టాడు.

ఒకసారి ఎవరిదో పాంటు బట్ట టేబుల్ మీద ఉంటే చూసుకోకుండా దాని మీదే మ్యాప్ గీశాం. తెల్లారి భాయ్ వాగు గీతను కొలత గీత అనుకుని దాని వెంబడే కత్తెర పెట్టేశాడు! ఆ పెద్దమనిషికి కొత్త బట్ట తెచ్చి కుట్టిచ్చి, "గా వాగుల ఒక కాలు కొట్టుకపోయింది" అని పడీపడీ నవ్వాడు.

అసలు చెప్పాల్సింది చావు రూల్ గురించి.

పాత పుస్తకంలో ప్రాణం పాయింట్లు సున్నాకు వస్తే అంతే. గుండీ డబ్బాలో వేసి, కొత్త మనిషిని మొదలుపెట్టుకోవాలి.

మల్లేష్ వాళ్ళది గొర్లు కాసే ఇల్లు. ఆటలోనూ వాడు గొర్లకాపరే. వాళ్ళ బాపు పోయిన కొత్తలో ఆ కాపరిని ఎలుగు కొట్టింది. భాయ్ రూల్ ప్రకారం గుండీ తీసి డబ్బాలో వేశాడు. మల్లేష్ లేచాడు. చాయ్ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

మరుసటి శుక్రవారం భాయే వాళ్ళింటికి వెళ్ళి, వాణ్ణి బండి మీద ఎక్కించుకొచ్చాడు. గుండీని మళ్ళీ టేబుల్ మీద పెట్టాడు.

"మనిషి పడిపోతే చుట్టున్నోళ్ళు గట్లనే చూస్తరా? తలా ఒక చెయ్యి ఎయ్యరా? ఇగ నుంచి ఎవ్వలు పడ్డా ఆట ఆపాలె. ఆయినతోని గడిపిన ముచ్చట ఒక్కటి చెప్పాలె, పాచిక ఎయ్యాలె. ఎవ్వలకు ఆరు పడ్డా లేస్తడు."

"ఎవ్వలకు పడకపోతే?" అన్నాను.

"పోతడు. కాని అందరు యాది జేసుకున్నంకనే పోతడు."

ఆ రోజు నాకు ఆరు పడింది. కాపరి లేచాడు. మల్లేష్ అప్పుడు ఏడ్చాడు, బాపు పోయాక మొదటిసారి.

నిన్న సాయంత్రం భాయ్‌ని మట్టి చేశాం. ఒక్కొక్కరే వచ్చి మూడేసి పిడికిళ్ళ మట్టి వేస్తుంటే నాకు ఆ టేబులే గుర్తొచ్చింది.

ఖబరస్తాన్ నుంచి వచ్చి, భాభీని అడిగి షాపు తాళం తీసుకున్నాం. మిషన్ మీద సగం కుట్టిన చొక్కా అలాగే ఉంది.

కథ చెప్పేవాడు కదా, భాయ్‌కి ఎప్పుడూ గుండీ లేదు. ఆయన పెట్టిన రూల్ ఆయనకు ఒక్కసారీ అక్కరకు రాలేదు. మల్లేష్ డబ్బాలోంచి తెల్ల గుండీ ఒకటి తీసి టేబుల్ మధ్యలో పెట్టాడు.

నేను వాగు సంగతి చెప్పాను. వాడు తనను భాయ్ బండి మీద ఎక్కించుకొచ్చిన సంగతి చెప్పాడు.

పాచిక వేశాం. నాకు రెండు. వాడికి నాలుగు.

లేవడని తెలుసు. అయినా ఇద్దరం ఆ గుండీనే చూస్తూ కూర్చున్నాం.

"ఇంక మస్తు మంది వంతు ఉన్నదిరా" అన్నాడు మల్లేష్.

అందుకే ఈ పోస్ట్. భాయ్ కుట్టిన బట్ట తొడిగినవాళ్ళు, ఆయన చాయ్ తాగినవాళ్ళు, కింద తలా ఒక ముచ్చట రాయండి. గుండీ ఇంకా టేబుల్ మీదే ఉంది.

అందరం చెప్పినంక పో భాయ్. అల్లా నీకు నిమ్మళమైన జాగా ఇవ్వాలి.