మామ్మ ఆమేను

మొన్న ఆదివారం గుడిలో అయ్యగారి ప్రార్థన ఇంకా సగంలో ఉండగానే కుర్రకారు పోటీలు పడి ఆమేన్, ఆమేన్ అంటుంటే నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకాలే భయం కూడా వేసింది. ఎందుకంటే, ఆ ఒక్క మాటకు భుజం మీది డోలీ నేలకు దిగిపోయిన రోజొకటి నేను చూశాను.

అప్పటికి నాకు మీసం మొలుస్తోంది. అనంతగిరి దాపున మా కొండపల్లెలో మా మామ్మ కొత్తగా బాప్తిస్మం పుచ్చుకుంది. ఆమెకు దేవుడు పెట్టిన పరీక్ష సొంత తమ్ముడే, మా చిన్నతాత. చోడి విత్తితే మొలవదనేవాడు, మొలిస్తే కోతకు రాదనేవాడు. ఆయన చూపు తగిలి పనసకాయ చెట్టు మీదే కుళ్ళిందని ఇప్పటికీ చెబుతుంటాను. కుళ్ళిన మాట నిజం, చూపు మాట మీ ఇష్టం. పెళ్ళాన్ని పల్లె దిగువన పారే గెడ్డ వరదలో పోగొట్టుకున్నప్పటి నుంచీ ఆ నోట మంచిమాట రాలేదు. తిట్టేవారిని దీవించమని అయ్యగారు చెప్పారు గనుక మామ్మ తమ్ముణ్ణి తిట్టడం మానేసింది గాని, ఆ నోటికి అడ్డమేదో కావాలి కదా! ఎంతసేపు మాట్లాడే అయ్యగారైనా ఆమేన్ అనగానే ఆపేయడం చూసి, ఇక నోరు మూయమని ఆ మాటకు అర్థం కాబోలనుకుంది. తమ్ముడు చెడు పలికినప్పుడల్లా ఆమేన్ అనేది. అదేదో మంత్రమనుకుని ఆయనా ఆగేవాడు.

ఆ శ్రావణంలో మా అక్కకు నొప్పులొచ్చి, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. దిగువనున్న మిషను ఆసుపత్రికి డోలీ కట్టాం. డోలీ కర్ర ముందు కొమ్ము, కాన్పుకని పొరుగూరి నుంచి వచ్చిన అక్క మొగుడు మా బావది, వెనక కొమ్ము నాది, పక్కన మామ్మ, పిలవకపోయినా వెంట చిన్నతాత. దారికి అడ్డంగా గెడ్డ ఎర్రగా పొంగి ఏనుగులంత బండలను బొంగరాల్లా తిప్పుతోంది. ఏనుగులు ఎక్కువైతే మేకలనుకోండి, అక్క అరుపులు మాత్రం ఉన్నవున్నట్టే చెబుతున్నాను.

"దాటరు. తల్లీ బిడ్డా దక్కరు," అన్నాడు చిన్నతాత.

"ఆమేన్!" అంది మామ్మ గట్టిగా.

మిషను బడిలో చదివిన బావ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. డోలీ దించేశాడు.

"ఏటి మామ్మా, సొంత మనవరాలికి అలాటి మాటంటావా? ఆమేనంటే అలాగే అవ్వాలని!"

"నోర్ముయ్యమని కాదేటి?"

ఇన్నాళ్ళూ తమ్ముడి ప్రతి చెడుమాటకూ తానే ముద్ర వేశానని తెలిసి మామ్మ తన నోరే మూసుకుంది. చెడుమాట పడిన డోలీని, ఆ మాట అన్న నోరే మరో మాట అనేదాకా ఎత్తకూడదని మా పల్లెలో పట్టింపు. నీళ్ళు గట్టుపైకి పాకుతున్నాయి. నేను చిన్నతాత మీదికి చెయ్యెత్తాను. మామ్మ నన్ను పక్కకు తోసి, చంటివాడికి పట్టినట్టు ఆయన గడ్డం పట్టుకుంది.

"తమ్ముడా, నీ మీద నాకు కోపం నేదురా. ఒక్క మంచిమాట అను. దానికీ ఆమేనంటాను. బేగి!"

ఆయన తన పెళ్ళాం, మా చిన్నమామ్మ, కొట్టుకుపోయిన మలుపు వైపే చూస్తున్నాడు. అక్క అరుపులు ఆగిపోయాయి. అరుపుల కంటే అదే ఎక్కువ భయపెట్టింది.

"అప్పా... మునగరు," అన్నాడు చివరికి తన అక్కతో.

కాదు, లేదు తప్ప ఎరగని ఆ నోటికి దొరికిన దీవెన అదొక్కటే. మామ్మ, ఈసారి అర్థం తెలిసి, మెల్లగా ఆమేన్ అంది. బావ డోలీ ఎత్తాడు. ఎవరూ అడగకుండానే చిన్నతాత కర్ర పట్టుకుని ముందు నీళ్ళలో దిగి, "అటొద్దు, జారుద్ది! అక్కడ కాదు, గొయ్యి!" అని అరుస్తుంటే, ఆయన వద్దుల సందుల్లోంచి నడిచి మేం అవతలి ఒడ్డెక్కాం.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో తల్లీ దక్కింది, బిడ్డా దక్కింది. ఆ ఆడగుంటే, మొన్న గుడిలో అందరికంటే ముందు ఆమేన్ అన్నది. గెడ్డ మీద ఇప్పుడు చెక్క వంతెన ఉంది, ఒక్క మాటకు ఎవరి కాళ్ళూ ఆగవు. మామ్మ మాత్రం ఆ తరవాత బతికినన్నాళ్ళూ, అయ్యగారి ప్రార్థనైనా సరే చివరిదాకా విని, మనసులో ఒకసారి తూచుకుని, అందరూ లేచి చెప్పులు వెతుక్కునే వేళకు ఒక్కతే అనేది, ఆమేన్ అని. ఆలస్యంగా వచ్చే ఆ ఒక్క ఆమేను కోసం, అందరూ వెళ్ళిపోయాక కూడా నేను ఇప్పటికీ కాసేపు గుడిలో కూర్చుంటాను.